ప్యానిక్ డిజార్డర్ చికిత్స: ఏది ఎంత త్వరగా పనిచేస్తుంది, ఎవరికి ఏది తగినది

ప్యానిక్ డిజార్డర్, అంటే ఉన్నట్టుండి తీవ్ర భయం, దడ ముంచుకొచ్చే అటాక్‌లు పదేపదే వచ్చే జబ్బు, అని నిర్ధారణ అయిన మనిషి ముందు సాధారణంగా మూడు దారులు ఉంటాయి. మొదటిది ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్ వంటి బెంజోడయాజెపైన్ మాత్రలు, అంటే ఆందోళనను వెంటనే అణచే మత్తు తరగతి మందులు. రెండవది ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, పారాక్సెటిన్ వంటి ఎస్‌ఎస్‌ఆర్‌ఐ తరగతి మందులు, అంటే మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే డిప్రెషన్ మందులు. మూడవది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (సీబీటీ), అంటే ఆలోచనల, నడవడికల తీరును మార్చే మాటల చికిత్స. మొదటిది గంటలోపే ప్రభావం చూపుతుంది, రెండవదానికి వారాలు పడుతుంది, మూడవదానికి వారాలతో పాటు రోగి శ్రమ కూడా కావాలి. ఇంతవరకే చూస్తే ఎంపిక సులువనిపిస్తుంది. అయితే అటాక్ ఎంత త్వరగా ఆగింది అన్నది ఒక ప్రశ్న, అటాక్ వస్తుందేమోనన్న బెంగ లేకుండా ఒంటరిగా బస్సెక్కి వెళ్లగలిగే స్థితికి ఎంత త్వరగా చేరారన్నది మరొక ప్రశ్న. మొదటి ప్రశ్నకు జవాబులో ముందుండే చికిత్స రెండవదానికి వచ్చేసరికి తరచుగా వెనకబడుతుంది. పైగా ఒకే మందు ఒకరికి నెలలో పనిచేసి మరొకరికి ఆరు నెలలైనా పనిచేయకపోవడానికి కారణం చాలాసార్లు మందులో కాక, దాన్ని ఎలా మొదలుపెట్టారు, పక్కన ఏమేమి జరుగుతున్నాయి అన్న విషయాల్లో ఉంటుంది.

నిర్ధారణ దగ్గరే జరిగే ఆలస్యం

ప్యానిక్ అటాక్ నిమిషాల్లోనే తారస్థాయికి చేరుతుంది. గుండె దడ, ఛాతీ పట్టేసినట్టుండటం, ఊపిరాడకపోవడం, చేతులు తిమ్మిర్లెక్కడం, చెమటలు, కళ్లు తిరగడం, చనిపోతానేమో లేక పిచ్చెక్కుతుందేమోనన్న భయం వంటివి కొన్ని కలిసి వస్తాయి. ఒక్కసారి వచ్చినంత మాత్రాన దాన్ని డిజార్డర్ అనరు. అనుకోకుండా పదేపదే వచ్చి, ఆ తరువాత కనీసం నెల రోజుల పాటు మళ్లీ వస్తుందేమోనన్న బెంగ గానీ, ఆ బెంగ వల్ల నడవడికలో మార్పు గానీ ఉంటేనే ఆ పేరు పెడతారు.

మన దగ్గర ఇలాంటి రోగి ముందుగా గుండె డాక్టర్ దగ్గరికి, అక్కడ ఏమీ లేదంటే గ్యాస్ పట్టేసిందని కడుపు డాక్టర్ దగ్గరికి వెళ్తారు. ఒక విడత పరీక్షలు నిజంగానే అవసరం. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం, గుండె లయ తప్పడం, రక్తహీనత, ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్ ఇన్‌హేలర్ ఇవన్నీ దడ పుట్టించగలవు, వాటిని సరిచేయకుండా ప్యానిక్‌కు ఎంత వైద్యం చేసినా ఫలితం సగమే ఉంటుంది. కానీ అవే ఈసీజీ, ఎకో పరీక్షలను మళ్లీ మళ్లీ చేయించుకోవడం వేరు సంగతి. రిపోర్టు బాగుందన్న ధైర్యం కొద్దిరోజులే నిలిచి మళ్లీ అనుమానం తలెత్తుతుంది, ఈలోగా మనిషి ఎక్కని బస్సులూ వెళ్లని పెళ్లిళ్లూ పెరిగిపోతాయి. చికిత్స మొదలయ్యే నాటికి వదులుకున్నవి ఎంత ఎక్కువ ఉంటే కోలుకోవడానికి అంత ఎక్కువ కాలం పడుతుంది.

మూడు దారుల వేగం, నిలకడ

బెంజోడయాజెపైన్ల వేగంలో అనుమానం లేదు. వెయ్యి మందికి పైగా రోగులతో అనేక దేశాల్లో జరిగి 1992లో ఫలితాలు వెలువడిన ఒక అధ్యయనంలో ఆల్ప్రజోలామ్‌ను, పాతతరం మందైన ఇమిప్రమిన్‌ను, మందు లేని ఉత్త మాత్రను పోల్చి చూశారు. ఆల్ప్రజోలామ్ తీసుకున్నవారిలో మొదటి రెండు వారాల్లోనే మార్పు కనిపించింది. ఇమిప్రమిన్‌కు అంతకంటే చాలా సమయం పట్టింది గానీ, ఎనిమిది వారాలు పూర్తయ్యేసరికి రెండింటి మధ్య తేడా దాదాపు చెరిగిపోయింది. ఆ మరుసటి ఏడాది వెలువడిన లండన్, టొరంటో అధ్యయనం ఇంకో కోణం చూపింది. 154 మంది రోగులున్న ఆ పరిశీలనలో ఆల్ప్రజోలామ్ వల్ల కలిగిన మేలు మందు తగ్గించాక నిలవలేదు, భయపడే చోట్లకు క్రమంగా వెళ్లే ఎక్స్‌పోజర్ సాధన వల్ల కలిగిన మేలు నిలిచింది.

అలవాటుపడే ప్రమాదం, ఉన్నట్టుండి మానేస్తే వచ్చే తిరుగుబాటు లక్షణాలు ఈ మాత్రల అసలు సమస్య. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో ఈ తరగతి మందులన్నిటి హెచ్చరికలో దుర్వినియోగాన్ని, శారీరక ఆధారపడటాన్ని ప్రస్ఫుటంగా చేర్చింది. ఇంగ్లండులో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ ప్యానిక్ డిజార్డర్‌కు వీటిని రాయవద్దనే చెబుతుంది. మన దేశంలో ఆల్ప్రజోలామ్ షెడ్యూల్ హెచ్1లో ఉంది, అంటే మందుల షాపువారు చీటీ చూసి, వేరే రిజిస్టరులో నమోదు చేసి మాత్రమే అమ్మాలి. అయినా తెలిసిన షాపులో చీటీ లేకుండా తెచ్చుకునే అలవాటు మన పట్టణాల్లో ఉంది. ఈ జబ్బు విషయంలో అది చాలా ప్రమాదకరమైన అలవాటు.

ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందుల తీరు దీనికి పూర్తిగా భిన్నం. మొదటి ఒకటి రెండు వారాల్లో కొందరికి దడ, చిరాకు, నిద్రలేమి కాస్త పెరుగుతాయి కూడా. రెండు నుంచి ఆరు వారాల మధ్య మెరుగుదల మొదలవుతుంది, పూర్తి ఫలితం తెలియాలంటే దాదాపు మూడు నెలలు ఆగాలి. అలవాటుపడే స్వభావం బెంజోడయాజెపైన్లకు ఉన్నట్టు వీటికి లేదు, తోడుగా ఉండే డిప్రెషన్‌కు కూడా ఇవే పనిచేస్తాయి. 25 ఏళ్లలోపు వారిలో మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉందన్న హెచ్చరిక ఈ మందులపై ఉంది కనుక, కాలేజీ వయసు పిల్లలకు మొదలుపెట్టినప్పుడు ఇంట్లోవారు దగ్గరుండి గమనించుకోవడం అవసరం.

కోలుకునే క్రమాన్ని అర్థం చేసుకోవడానికి ఇమిప్రమిన్ చరిత్ర ఉపయోగపడుతుంది. డొనాల్డ్ క్లైన్ అనే అమెరికన్ సైకియాట్రిస్ట్ 1960ల తొలినాళ్లలో దాన్ని తీవ్ర భయంతో బాధపడే రోగులకు ఇచ్చినప్పుడు, రోగులు తమకేమీ తగ్గలేదనే అన్నారు, కానీ మునుపటిలా చనిపోతున్నానంటూ నర్సుల దగ్గరికి పరుగెత్తడం మానేశారు. అంటే అటాక్‌లు ఆగాయి, మళ్లీ వస్తాయన్న బెంగ ఆగలేదు. ఈనాటికీ చాలామందిలో వరుస ఇదే: ముందు అటాక్‌లు తగ్గుతాయి, తరువాత బెంగ, అన్నిటికంటే చివర చోట్లను తప్పించుకునే అలవాటు. ఈ వరుస తెలియకపోతే, అటాక్‌లు సగానికి తగ్గినా మనసులో బెంగ అలాగే ఉందని మందు పనిచేయలేదనుకుని మానేస్తారు.

సీబీటీ ఈ వరుసను మరో చివర నుంచి పట్టుకుంటుంది. డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ సైకాలజిస్ట్ 1986లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం, గుండె కాస్త వేగంగా కొట్టుకోవడం వంటి మామూలు శరీర స్పందనను రోగి గుండెపోటుగా అర్థం చేసుకుంటారు, ఆ భయం దడను ఇంకా పెంచుతుంది, పెరిగిన దడ భయాన్ని ధ్రువపరుస్తుంది. ఈ చక్రాన్ని తెంచడానికి సైకాలజిస్ట్ ఆ స్పందనలను కావాలనే పుట్టిస్తారు: మెట్లు వేగంగా ఎక్కించడం, కుర్చీలో కూర్చోబెట్టి గుండ్రంగా తిప్పడం, సన్నని స్ట్రాతో ఊపిరి పీల్పించడం. వీటి తరువాత కూడా ఏమీ కాలేదని శరీరమే నేర్చుకుంటుంది. సీబీటీలోని వేర్వేరు అంగాలను విడదీసి పోల్చి 2018లో వెలువడిన ఒక పెద్ద విశ్లేషణలో ఈ సాధన ఉన్న చికిత్సలు మెరుగ్గా కనిపించాయి, కండరాలను సడలించే సాధన ఉన్నవి అంతగా రాణించలేదు. అందుకే సైకాలజిస్ట్‌ను ఎంచుకునేటప్పుడు ఈ సాధన చేయిస్తారా అని సూటిగా అడగాలని నేను గట్టిగా చెబుతాను. వారాల తరబడి ధైర్యం చెప్పి పంపడం కౌన్సెలింగ్ కావచ్చు గానీ ప్యానిక్‌కు సీబీటీ కాదు.

కాలం విషయానికి వస్తే, నైస్ సూచన ప్రకారం మొత్తం 7 నుంచి 14 గంటల సీబీటీ సరిపోతుంది, అది నాలుగు నెలల్లోపు ముగియాలి. క్లార్క్ బృందమే 1999లో ఇంటి దగ్గర చదువుకుని చేసే అభ్యాసాలు జోడించిన ఐదు సెషన్ల పద్ధతిని పన్నెండు సెషన్ల పూర్తి పద్ధతితో పోల్చినప్పుడు ఫలితాలు దాదాపు సమానంగా వచ్చాయి. నగరానికి వచ్చిపోయే ఖర్చు భరించలేని కుటుంబాలు ఈ సంగతిని తప్పక గుర్తుపెట్టుకోవాలి.

రెండూ కలిపితే రెట్టింపు వేగం వస్తుందా? 312 మంది రోగులతో అమెరికాలో జరిగి 2000లో ప్రచురితమైన అధ్యయనంలో సీబీటీ, ఇమిప్రమిన్, రెండూ కలిపిన చికిత్సలను పోల్చారు. చికిత్స సాగినంత కాలం కలిపి ఇచ్చినవారికి కొంత మొగ్గు ఉంది. కానీ చికిత్స ఆపిన ఆరు నెలల తరువాత చూస్తే, మందు లేకుండా సీబీటీ పొందినవారు మందుతో కలిపి పొందినవారి కంటే మేలుగా నిలబడ్డారు. నేను దీన్ని అర్థం చేసుకునే తీరు ఏమిటంటే, బాగుపడటానికి కారణం తన సాధనే అని నమ్మే మనిషికి, మాత్రే కారణమని నమ్మే మనిషికి మందు ఆపాక ఎదురయ్యే పరీక్ష ఒకటి కాదు. తీవ్రత ఎక్కువగా ఉన్నప్పుడు కలిపి వాడటం తప్పు కాదు, అయితే మందు ఆపే దశలో సీబీటీ సెషన్లు కొన్ని మిగిలి ఉండేలా చూసుకోవాలి.

ఎస్‌ఎస్‌ఆర్‌ఐతో పాటు మొదట్లో కొద్దివారాలు క్లోనజెపామ్ ఇవ్వడం మరో కలయిక. 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో సెర్ట్రలిన్‌తో పాటు నాలుగు వారాలు క్లోనజెపామ్ ఇచ్చి తరువాత క్రమంగా తీసేశారు. మొదటి వారంలోనూ మూడవ వారంలోనూ రెండూ తీసుకున్నవారు ముందున్నారు, ఆ తరువాత సెర్ట్రలిన్ ఒక్కటే తీసుకున్నవారు వారిని అందుకున్నారు. మన దేశంలో ఈ ఆలోచన వక్రమార్గం పట్టింది. ఎస్సిటాలోప్రామ్, క్లోనజెపామ్ రెండూ ఒకే మాత్రలో కలిపిన మందులు ఇక్కడ విరివిగా దొరుకుతాయి. నాలుగు వారాల్లో తీసేయవలసిన క్లోనజెపామ్ ఆ ఒక్క మాత్రలో చిక్కుకుని ఏళ్ల తరబడి కొనసాగుతుంది, ఒకదాన్ని ఉంచి మరొకదాన్ని తగ్గించే వీలుండదు. మీ చీటీలో అలాంటి కలిపిన మాత్ర ఉంటే, రెండింటినీ విడివిడిగా రాయగలరా, క్లోనజెపామ్ ఎప్పుడు ఆపుతారు అని డాక్టర్‌ను అడగండి. వద్దనుకుని మీ అంతట మీరు మాత్రం ఆపకండి.

వేగాన్ని మార్చే కారణాలు

అన్నిటికంటే ముందు చెప్పవలసింది మోతాదు. ప్యానిక్ రోగులు శరీరంలో వచ్చే చిన్న మార్పును కూడా పట్టి చూస్తారు కనుక, మందును డిప్రెషన్‌కు మొదలుపెట్టే మోతాదులో సగంతో మొదలుపెట్టాలి. ఎస్సిటాలోప్రామ్ అయితే 5 మిల్లీగ్రాములు, సెర్ట్రలిన్ అయితే 25, పారాక్సెటిన్ అయితే 10 మిల్లీగ్రాములతో ఆరంభించడం మామూలు. ఎక్కువతో మొదలైతే దడ పెరిగి, ఈ మందు నాకు పడదని మూడో రోజే మానేస్తారు. దీనికి వ్యతిరేకమైన పొరపాటు కూడా అంతే తరచుగా జరుగుతుంది: ఆరంభ మోతాదు మీదే నెలల తరబడి ఉండిపోవడం. ఎస్సిటాలోప్రామ్‌ను కాలేయంలో ప్రధానంగా విచ్ఛిన్నం చేసే సీవైపీ2సీ19 ఎంజైమ్ మందకొడిగా ఉండేవారు ఐరోపావారిలో కంటే దక్షిణాసియావారిలో ఎక్కువ. అలాంటివారికి అదే మోతాదుకు రక్తంలో మందు ఎక్కువ చేరుతుంది. దీనికోసం జన్యుపరీక్షలకు పరుగెత్తనక్కరలేదు, మోతాదును నిదానంగా పెంచితే చాలు.

ఆ తరువాతది అగోరఫోబియా, అంటే జనం మధ్యనో, బస్సులోనో, ఇంటికి దూరంగానో అటాక్ వస్తే తప్పించుకోలేనన్న భయంతో ఆ చోట్లను వదిలేయడం. ఇది తీవ్రంగా ఉన్నవారిలో ఏ చికిత్సకైనా స్పందన నెమ్మదిగా ఉంటుంది, వారికి మందు ఒక్కటే సరిపోవడం అరుదు. డిప్రెషన్ తోడుగా ఉంటే ఇంటి అభ్యాసాలు చేసే ఓపిక తగ్గి సీబీటీ మందగిస్తుంది కనుక, ముందు మందుతో డిప్రెషన్‌ను కొంత తగ్గించుకోవడం మంచిది.

పైకి కనబడని ఇంకో అడ్డంకి, భద్రత కోసం చేసే చిన్న చిన్న పనులు. జేబులో ఎప్పుడూ ఒక మాత్ర, చేతిలో నీళ్ల సీసా, గంటకోసారి నాడి పట్టుకు చూసుకోవడం, ఇంట్లో బీపీ మిషన్, వేలికి ఆక్సీమీటర్, బయటికి వెళ్తే వెంట తప్పనిసరిగా ఒకరు. ఇవన్నీ ఉన్నంత కాలం, ప్రమాదం లేదని తెలుసుకునే అవకాశం మెదడుకు దొరకదు, నీళ్ల సీసా వల్లే బతికానని నమ్ముతుంది. కుటుంబం ప్రేమతో చేసే పని ఇక్కడ తెలియకుండానే చికిత్సను వెనక్కి లాగుతుంది. భార్యో తమ్ముడో ప్రతిసారీ తోడు వెళ్లే బదులు, సైకాలజిస్ట్ సలహాతో వారం వారం ఆ తోడును తగ్గించుకుంటూ రావాలి. ప్రాణాయామం గురించి కూడా ఒక మాట చెప్పాలి. రోజువారీ సాధనగా అది మంచిదే, కానీ దడ మొదలవగానే దాన్ని ఎలాగైనా ఆపాలని ముక్కు మూసి కూర్చుంటే అది కూడా ఆ నీళ్ల సీసా వరుసలోనే చేరుతుంది.

తాగే వాటి సంగతి డాక్టర్‌కు దాచకూడదు. కాఫీలోని కెఫీన్‌కు ప్యానిక్ రోగులు మిగతావారి కంటే ఎక్కువగా స్పందిస్తారు. మద్యం ఆ పూటకు భయాన్ని అణచి, మర్నాడు దిగేటప్పుడు దడను రెట్టిస్తుంది. తెలంగాణలో దీనికి ఇంకో ముఖం ఉంది. కొన్ని ప్రాంతాల్లో కల్తీ కల్లులో ఆల్ప్రజోలామ్, డైజెపామ్ కలుపుతున్న సంగతి ఎక్సైజ్ తనిఖీల్లో పదేపదే బయటపడింది. అలాంటి కల్లుకు అలవాటుపడిన మనిషికి ఒక పూట అది దొరకకపోతే వచ్చే వణుకు, దడ, నిద్రలేమి ప్యానిక్ లాగే కనిపిస్తాయి, కొందరికి మూర్ఛలు కూడా రావచ్చు. ఆ అలవాటు డాక్టర్‌కు తెలియకపోతే నిర్ధారణా తప్పుతుంది, మామూలు మోతాదూ పనిచేయదు.

ఎవరు దేన్ని ఎంచుకోవాలి

అటాక్‌లు ఉన్నా ఉద్యోగం, చదువు సాగుతూ, చదివి అభ్యాసం చేసే ఓపిక ఉండి, అందుబాటులో మంచి క్లినికల్ సైకాలజిస్ట్ ఉంటే నేను ముందుగా సీబీటీనే సూచిస్తాను. మేలు నిలిచే కాలం దానికే ఎక్కువ. గర్భం కోసం ప్రయత్నిస్తున్న స్త్రీలకు కూడా ఇదే మొదటి ఎంపిక కావాలి, మందు తప్పనిసరైతే పారాక్సెటిన్ కాకుండా వేరేది చూడమని డాక్టర్‌ను అడగాలి. ఇంట్లోంచి కదలలేని స్థితి, తోడుగా డిప్రెషన్, లేదా సైకాలజిస్ట్ దొరకని ఊరు అయితే ఎస్‌ఎస్‌ఆర్‌ఐతో మొదలుపెట్టడమే ఆచరణకు అనువైనది. చదువు పరీక్షో, ఇంట్లో మరణమో ఎదురుగా ఉండి ఈ రెండు వారాలు గడవడమే కష్టమైనప్పుడు, ఆపే తేదీని ముందే చీటీ మీద రాయించుకుని కొద్దివారాల పాటు బెంజోడయాజెపైన్ జోడించవచ్చు. మద్యం, కల్లు అలవాటు ఉన్నవారికి, గురక జబ్బు లేదా ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి, పడిపోయే ప్రమాదమున్న పెద్దవారికి అది కూడా వద్దు.

ఎక్కడికి వెళ్లాలన్నది కొందరికి డబ్బు ప్రశ్న. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, బోధనాసుపత్రుల సైకియాట్రీ విభాగాలు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ పలుకుతుంది, మొదటి అడుగు ఎటు వేయాలో తెలియనివారికి అది చాలు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని చెబుతుంది కనుక పాలసీ కాగితాలు ఒకసారి చూసుకోవాలి. ఇంగ్లండులో ఉన్న తెలుగువారు ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్‌కు డాక్టర్ చీటీ లేకుండా తామే పేరు నమోదు చేసుకోవచ్చు. గల్ఫ్‌కు వెళ్లేవారు మాత్రం ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్ మాత్రలు సంచిలో వేసుకునే ముందు ఆ దేశపు అనుమతి నిబంధనలు తప్పక తెలుసుకోవాలి, యూఏఈలో ఇవి నియంత్రిత మందులు.

ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు ఆపాలి

మొదటి రోజు నుంచే ఒక చిన్న పుస్తకంలో వారానికి ఎన్ని అటాక్‌లు, ఎంత బెంగ, ఏయే చోట్లకు వెళ్లలేకపోయారు అన్న మూడు సంగతులూ రాసుకోండి. అధ్యయనాల్లో వాడే ప్యానిక్ తీవ్రత కొలమానం కూడా అటాక్‌లతో పాటు బెంగనూ, తప్పించుకునే అలవాటునూ, పనికి కలిగే ఆటంకాన్నీ లెక్కిస్తుంది. తగిన మోతాదుకు చేరిన తరువాత కూడా 12 వారాలకు మార్పు లేకపోతే మరో మందుకు గానీ, సీబీటీకి గానీ మారే విషయం మాట్లాడాలి. సీబీటీలో నాలుగైదు సెషన్లు గడిచినా భయపడే పని ఒక్కటి కూడా మొదలుకాకపోతే, లోపం పద్ధతిలో ఉందేమో అడగాలి.

మందు పనిచేసినప్పుడు, తగిన మోతాదుకు చేరాక కనీసం ఆరు నెలలు, చాలామందికి ఏడాది పాటు కొనసాగించడం వాడుక. ఆపేటప్పుడు ఎస్‌ఎస్‌ఆర్‌ఐలను వారాల తరబడి తగ్గించాలి. పారాక్సెటిన్ వేగంగా ఆపితే కళ్లు తిరగడం, కరెంటు తగిలినట్టు జలదరింపు రావచ్చు, వాటిని జబ్బు తిరగబెట్టిందని పొరబడి మళ్లీ మొదటికి వెళ్లేవారు ఎందరో ఉన్నారు. బెంజోడయాజెపైన్‌ను నెలల తరబడి వాడి ఉంటే ఇంకా నెమ్మదిగా, డాక్టర్ రాసిచ్చిన మెట్ల ప్రకారం తగ్గించాలి, ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు వచ్చే ప్రమాదం ఉంది. తగ్గించే ఆ వారాల్లో పెళ్లి, ప్రయాణం, ఉద్యోగం మారడం వంటివి లేకుండా చూసుకుని, సీబీటీ సెషన్లు రెండు మూడైనా ఆ సమయానికి అట్టేపెట్టుకుంటే మందు దిగిపోయేటప్పుడు వచ్చే దడను ఏమనుకోవాలో చెప్పే మనిషి పక్కనే ఉంటారు.